గాలి ఆడని సంచి

అమెరికాలో పదహారేళ్ళు కత్తులమ్మి రిటైరయ్యాను. ఈ మాట అంటే, రిటైరయ్యాక వచ్చి చేరిన కాపెల్ ఊళ్ళో మా తెలుగు చర్చికొచ్చే మాస్టర్స్ చదివే పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. "అంకుల్, జోకేస్తున్నారా? మీరు ఐటీ కాదా?" అంటారు. కాదు నాయనా. వచ్చిన ప్రతి తెలుగువాడూ కంప్యూటర్ ముందే కూర్చుంటే మిగతా పనులెవరు చేస్తారు? మొన్నాదివారం ఒకమ్మాయి పార్ట్‌టైమ్ పనిలో ఏదో తప్పు చేసి, మేనేజర్‌కి చెప్పాలా వద్దా అని భోజనాల దగ్గర దిగులుగా కూర్చుంది. "మీరెప్పుడైనా అలా చేశారా అంకుల్?" అని అడిగింది. అక్కడ నలుగురిలో చెప్పలేక సాంబారు వడ్డించుకుని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక మనసొప్పక ఇది రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర. అక్కడ హైస్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుని. బ్యూరెట్లు కడగడం, పిల్లలు పగలగొట్టినవి లెక్కరాయడం నా పని. మా ఆవిడ నర్సు. ఆవిడకి కొలరాడో కొండల్లో ఒక చిన్న ఊళ్ళో హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. ఆవిడ వెనకాల నేను, నా వెనకాల పచ్చళ్ళ సూట్‌కేసు. ఆ ఊళ్ళో మూడు చర్చిలు, రెండు పెట్రోలు బంకులు, ఒక పెద్ద వేట సామాన్ల షాపు ఉన్నాయి. నాకు తెలిసిన పనులకి అక్కడ గిరాకీ లేదు కాబట్టి ఆ షాపులో చేరాను. మొదటి ఏడాది ట్రక్కు దింపాను, తర్వాత కత్తుల కౌంటర్లో నిలబెట్టారు.

ఆ ఊళ్ళో వేటంటే సరదా ఒక్కటే కాదు, చాలా ఇళ్ళలో చలికాలం కూరంతా అదే. ఎల్క్ అని ఉంటుంది, మన కణుజు జాతిదే, కానీ మన గేదెకి తీసిపోదు. దాన్ని కొట్టిన చోటే తోలు తీసి, కాళ్ళు విడదీసి, మాంసం భుజాన మోసుకుని కొండ దిగాలి. తుపాకీ పేల్చడం ఒక్క క్షణం, మిగతాదే రెండు రోజుల చాకిరీ. ఆ చాకిరీకి కావలసిన సామాను నా కౌంటర్లో ఉండేది. కొత్తగా వచ్చినవాడు ఎప్పుడూ మోచెయ్యంత కత్తి అడుగుతాడు. సినిమాలు చూసి వస్తారు. వాడికి నాలుగంగుళాల కత్తి చాలు, ఎక్కువైతే లోపల పేగు కోసుకుని మాంసమంతా పాడుచేసుకుంటాడు. పిడి నల్లగా ఉండకూడదు, గడ్డిలో పడితే దొరకదు, నారింజ రంగుది తీసుకోవాలి. సానబట్టే రాయి మరిచిపోకూడదు, ఎల్క్ తోలు సగం తీసేసరికి ఎంత మంచి కత్తయినా మొద్దుబారుతుంది. ఇదంతా పద్యం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి. మరి కొండెక్కావా అని అడగండి. ఒక్కసారి కూడా ఎక్కలేదు!

మా మేనేజర్‌కి ఇది తెలుసు. గడ్డం నిండా నవ్వుండే మనిషి ఆయన. నేను మేక, కోడి, రొయ్య ఏదీ వదలనని చెప్పినా నమ్మక, ప్రతి పార్టీలోనూ నాకోసం విడిగా కూరగాయల ప్లేటు తెప్పించేవాడు. అక్టోబర్లో సీజన్ మొదలయ్యే వారం షాపులో వేట తెలిసినవాళ్ళందరూ సెలవు పెట్టి కొండలెక్కేసేవారు. వేట తెలియని నేను మిగిలేవాణ్ణి. "నువ్వున్నావుగా బడ్డీ!" అని భుజం తట్టి తనూ వెళ్ళిపోయేవాడు. అంటే అందరికంటే ఎక్కువ సలహాలు కావలసిన వారంలో సలహా చెప్పేవాణ్ణి నేనన్నమాట. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షం అంటారే, సరిగ్గా అదే.

అలాంటి వారంలో ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా ఉంది, స్కూల్ బస్ డ్రైవర్లు వేసుకునే పసుపు జాకెట్ వేసుకుంది. కౌంటర్ మీద రెండు చేతులూ పరిచి, "వీటికి సరిపోయే కత్తి కావాలి," అంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ పట్టిన చేతులట.

కత్తి ఎవరికని అడిగితే తనకేనంది. వాళ్ళాయన ప్రతి ఏడూ ఒక ఎల్క్ తెచ్చేవాడు. ఈమెతో ఆయనకి పెళ్ళయి అయిదేళ్ళే, ఇద్దరికీ రెండో పెళ్ళి. ఆయన వేట ఎప్పుడూ ఒంటరిగానే. కొండ దిగగానే మాంసం అటునుంచి అటే కసాయి షాపులో ఇచ్చేసేవాడు, ఈవిడ చూసేది తెల్ల కాగితం పొట్లాలు మాత్రమే. పోయినేడు ఆయనకి స్ట్రోక్ వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది.

"ఆయన తినడం లేదు," అంది. "స్పూను చూస్తేనే మొహం తిప్పుకుంటాడు. ఫ్రీజర్ అడుగున ఒక్క ఎల్క్ పొట్లం దొరికితే వండాను. అదొక్కటే కడుపునిండా తిన్నాడు. ఈసారి పర్మిట్ నా పేరున తీసుకున్నాను. వేసవంతా తుపాకీ ప్రాక్టీస్ చేశాను. గురి బాగానే ఉంది. భయమంతా ఆ తర్వాత పనికే. నా చేతులు చేయగలవా?"

నాకు మనసు ఆగలేదు. గంటసేపు ఆవిడతోనే ఉన్నాను. పది కత్తులు చేతిలో పెట్టి చూశాను. చివరికి రబ్బరు పిడితో చిన్నది ఒకటి దొరికింది, కణుపుల మీద ఒత్తిడి పడకుండా పట్టుకోవచ్చు. రంపం వద్దన్నాను, కీళ్ళ దగ్గర కోస్తే ఎముక కొయ్యక్కర్లేదని బొమ్మ గీసి చూపించాను. చేతొడుగులు, తాడు, సానరాయి ఇచ్చాను. అక్కడితో ఆగి ఉంటే బావుండేది.

"మాంసం దేంట్లో వేసుకోవాలి?" అంది. పక్కనే గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. వాటిని వేలితో తడిమి చూసి, "ఇంత పల్చగానా? రక్తం కారదూ? ఆ వాసనకి ఎలుగుబంటి వస్తే?" అంది.

చూడండి, అప్పుడు నాలో పాలకొల్లు లేచింది. సూట్‌కేసులో ఆవకాయ తెచ్చుకున్నవాణ్ణి నేను. రొయ్యల పచ్చడి, నాటుకోడి పచ్చడి కవరు మీద కవరు వేసి, రబ్బరు బ్యాండు బిగించి, దానిమీద టేపు చుట్టి, రెండు ఎయిర్‌పోర్టులు దాటించినవాణ్ణి. నూనె చుక్క కారలేదు, కుక్క వాసన పట్టలేదు. ప్యాకింగ్ గురించి నాకా చెప్పేది? పడవలవాళ్ళకి అమ్మే దళసరి రబ్బరు సంచులున్నాయి. బట్టలు తడవకుండా మూతి మడిచి బిగించేస్తారు. వాటిని నాలుగు తీసుకొచ్చి పెట్టాను. పచ్చడి కథంతా చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"రాసిపెట్టుకోండి మేడమ్, గాలి కూడా దూరదు!" అన్నాను.

ఎంత నిజం చెప్పానో!

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈ సంగతి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. "మీకు ఉద్యోగం ఇప్పటికి వంటబట్టింది," అంది.

ఆరు రోజులు పోయాక ఆ పసుపు జాకెట్టావిడ మళ్ళీ షాపుకొచ్చింది. నేను నవ్వుతూ ఎదురెళ్ళాను. ఆవిడ నవ్వలేదు. చంకలోంచి నాలుగు రబ్బరు సంచులూ తీసి కౌంటర్ మీద పెట్టింది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి ఉన్నాయి. కత్తి కూడా పెట్టింది.

"సంచులు మంచివి. మీరన్నట్టే ఒక్క చుక్క కారలేదు," అంది. "తప్పు నాదే. మొదటి రోజు పొద్దున్నే దొరికింది. తోలు తీసి, కాళ్ళు విడదీసేసరికి మధ్యాహ్నమైంది. మోసుకు రావడానికి రెండు రోజులు పట్టింది. ఇంటికొచ్చి సంచి విప్పితే, ఎముక దగ్గరంతా ఆకుపచ్చగా తిరిగింది. మొత్తం పోయింది. మనిషన్నవాడు తినేది ఒక్క ముక్క మిగల్లేదు. నా చేతులు నెమ్మది. నాకు ముందే తెలుసు. తుపాకీ కూడా అమ్మేస్తున్నాను. ఇవి వెనక్కి తీసుకుంటారా?"

సంచి చేతిలోకి తీసుకుని మూతి విప్పాను. ఎంత కడిగినా అడుగున ఆ వాసన ఉంది. ఆ వాసన ముక్కుకి తగలగానే మా అమ్మ కనబడింది. క్రిస్మస్‌కి మేకని కోస్తే మిగిలిన మాంసం కండలు చీరి, ఉప్పు, పసుపు పట్టించి, పెరట్లో తీగ మీద బట్టల్లా ఆరేసేది. ఉప్పుకండ. ఎవరైనా గిన్నెలో పెట్టి మూత వేస్తే కేకలేసేది. "గాలి ఆడాల్రా! మూత పెట్టావంటే ఉడికి చస్తుంది!" అనేది. వేడి మాంసాన్ని గాలి ఆడని రబ్బరు సంచిలో బిగించి రెండు రోజులు ఎండలో మోయించాను ఆ మనిషి చేత. పచ్చడికి గాలి తగలకూడదు, పచ్చి మాంసానికి తగలాలి. రెండూ మా ఇంట్లోవే, రెండూ చిన్నప్పట్నుంచీ తెలిసినవే. పనికిమాలినదాన్ని గుర్తుపెట్టుకుని, పనికొచ్చేదాన్ని మరిచిపోయాను.

ఆ క్షణంలోనే చెప్పెయ్యాలి. నోటిదాకా వచ్చింది. "అయ్యో, సారీ మేడమ్," అన్నాను. అంతే అన్నాను. డబ్బులు వాపసిచ్చి రసీదు చేతిలో పెట్టాను. ఆవిడ థాంక్స్ కూడా చెప్పి వెళ్ళింది. ఆ థాంక్స్ ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఎందుకు చెప్పలేదు అంటే, భయం. ఉద్యోగం పోతుందని భయం, తర్వాత మేనేజర్ ముందు నవ్వులపాలవుతానని భయం. పదేళ్ళ కౌంటర్ పరువు ఏమవుతుందో అని భయం. ఇంకేం కారణాలు లేవు.

మేనేజర్ కొండ దిగి వచ్చాక, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను, మాంసానికి ఏ సంచి మంచిదని. "గుడ్డదే," అన్నాడు. "మా తాతల కాలంలో ఈ సంచులెక్కడివి? పాత దిండు గలీబులు పట్టుకెళ్ళేవాళ్ళు. కొందరు ముసలాళ్ళు ఇప్పటికీ అవే వాడతారు. గాలి తగిలితే చాలు." తర్వాత కౌంటర్ కింద మడతపెట్టి దాచిన రబ్బరు సంచులు చూశాడు. నా మొహం చూశాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అంతా కక్కేశాను. ఆయన నవ్వలేదు. కౌంటర్ తుడుస్తూ, "ఆవిడ కంప్లైంట్ ఏం చెయ్యలేదుగా. వదిలెయ్," అన్నాడు. చెడ్డవాడు కాదు, నన్ను కాపాడాలనే అన్నాడు. నాకు అదే కావాలి కాబట్టి నేనూ వదిలేశాను.

మా ఆవిడ వదల్లేదు. నాలుగు రోజులుగా నేను సరిగా తినడం లేదని పట్టుకుంది. చెప్పక తప్పలేదు. విని కంచం పక్కకి జరిపింది.

"సంచుల డబ్బులిచ్చేశారు, బానే ఉంది. ఆవిడ చేతుల సంగతేంటి?" అంది.

"చేతులేంటి?"

"తన చేతులు పనికిరావని అనుకుంటోందండీ ఆవిడ. ఇంట్లో ఆ మనిషిని లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా, తినిపించాలన్నా ఆ చేతులే కదా దిక్కు. స్ట్రోక్ పేషెంట్లని రోజూ చూస్తున్నా నేను. చేసేవాళ్ళకి చేతుల మీద నమ్మకం పోతే ఆ ఇల్లు ఇంకేముంది? మీ పరువు కోసం ఆవిడ్ని అలా వదిలేస్తారా? వెళ్ళి చెప్పండి. ఆదివారం చర్చి అవగానే వెళ్ళండి. నేను రాను. చేసింది మీరు."

వెళ్ళాను. ఊరి చివర చిన్న చెక్క ఇల్లు. ముందుగదిలో కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఆయన ఉన్నాడు, ఒకప్పుడు భారీ మనిషి అయి ఉండాలి, చొక్కా వదులుగా వేలాడుతోంది. మెడ వెనక ఒక దిండు. ఆవిడ కాఫీ ఇస్తానంది. వద్దని, నిలబడే చెప్పాను. "మేడమ్, తప్పు మీ చేతులది కాదు. నా సంచులది. మాంసానికి గాలి తగలాలి. నేను గాలి తగలనివి ఇచ్చాను. మీరు మొన్న షాపుకొచ్చినప్పుడే నాకు తెలిసింది. తెలిసీ చెప్పలేదు." ఇంగ్లీషులో ఎలా చెప్పానో, గ్రామర్ ఏమైందో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ కాఫీ గిన్నెతోనే నా వైపు తిరిగింది. కుర్చీలో ఆయన కదిలాడు. ఎడం చెయ్యి మెడ వెనక్కి పెట్టి, దిండు మీద టప్ టప్ టప్‌మని మూడుసార్లు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కళ్ళు పెద్దవి చేసి ఆవిడ వంక చూస్తున్నాడు.

"మళ్ళీ మొదలు," అంది ఆవిడ నీరసంగా. "నేను సామాను సర్దుకునే రోజు ఇలాగే చేశాడు. పొద్దున్నుంచీ ఒకటే దిండు కొట్టుకోవడం. ఎన్నిసార్లు సర్దినా ఊరుకోడు. చివరికి ఏడ్చాడు కూడా. పడుకోబెట్టి, పక్కింటావిడకి అప్పజెప్పి బయల్దేరాను."

మేనేజర్ చెప్పిన మాట తట్టింది. దిండు. గలీబు. "మేడమ్," అన్నాను, "ఈయన వేటకి పాత గలీబులు పట్టుకెళ్ళేవారా?"

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం పట్టింది. "ఆయన సామాన్లలో ఉండేవి. రక్తం మరకలతో నాలుగైదు. రోత పుట్టి పారేశాను," అంది. చెబుతూనే కాఫీ గిన్నె కింద పెట్టేసి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది. "నాకు చెబుతున్నావా? అదంతా నాకు చెబుతున్నావా?" అని ఏడ్చింది. ఆయన తల పదే పదే ఊపాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు. తర్వాత ఆవిడే లేచి మొహం తుడుచుకుని, "తుపాకీ ఇంకా అమ్ముడుపోలేదు," అంది.

మర్నాడు మేనేజర్‌తో, ఆవిడ ఇంటికెళ్ళి చెప్పొచ్చానని అన్నాను. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యమన్నాను. "తీసేస్తే వచ్చే అక్టోబర్లో కౌంటర్ ఎవరు చూస్తారు?" అన్నాడు. కానీ ఆ అక్టోబర్ వచ్చేసరికి తనే అన్నాడు, "ఈసారి ఆవిడతో కొండకి నువ్వెళ్ళు. షాపులో నేనుంటా."

సంచులు మా ఆవిడ కుట్టింది. ఎండిన గాలికి కొలరాడోని మించింది లేదు కాబట్టి, వేసవిలో ఇంటి వెనక చెక్క డెక్ మీద నా పాత పంచెలు పరిచి వడియాలు పెట్టేది. ఆ పంచెలే నాలుగు మడిచి, మెషీన్ మీద రెండేసి కుట్లు వేసి, మూతికి నాడా పెట్టింది. "పోనీలెండి, మీ పంచెలకి పుణ్యలోకం," అంది.

ఆ కొండ గురించి ఏం చెప్పను! యాభై దాటిన నర్సాపురం కాలవ గట్టు మనిషిని, పది అడుగులకోసారి చెట్టు పట్టుకుని ఎగశ్వాస తీశాను. ఆ పసుపు జాకెట్టావిడ మాత్రం మేకలా ఎక్కింది. పొద్దున్నే ఆడ ఎల్క్ ఒకటి దొరికింది, ఒక్క గుండుకే. నేను కాలు పట్టుకున్నాను, ఆవిడ కోసింది. అదే చిన్న కత్తి, రబ్బరు పిడిది, మళ్ళీ వచ్చి కొనుక్కుంది. ఆవిడ చేతులు నెమ్మదే, ఆ మాట నిజం. కానీ ఎక్కడా తడబడలేదు, ఎక్కడా వృథాగా కొయ్యలేదు. ఒక్కో కాలూ పంచె సంచిలో వేసి, నీడలో కొమ్మకి వేలాడదీశాం. గాలి వీస్తుంటే తెల్లటి గుడ్డ ఊగుతోంది. గుడ్డ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా తగిలింది. అమ్మా, ఈసారి మూత పెట్టలేదే అని మనసులో అనుకున్నాను.

మూడుసార్లు ఎక్కి దిగాం. వాళ్ళాయన్ని కింద రోడ్డు పక్కన ట్రక్కులో కూర్చోబెట్టి వచ్చాం. దుప్పటి కప్పి, దిండు పెట్టి, దిగినప్పుడల్లా ఆవిడ చూసుకునేది. చివరి సంచి దించేసరికి పొద్దు వాలుతోంది. ఆవిడ ట్రక్కు తలుపు తీసి, ఆ సంచిని ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ముక్కు దగ్గరికి తీసుకుని చాలాసేపు వాసన చూశాడు. మేమిద్దరం తలుపు పక్కనే నిలబడ్డాం. తర్వాత ఎడం చెయ్యెత్తి, సంచి మీద మెల్లగా మూడుసార్లు తట్టాడు.

"అవును," అంది ఆవిడ. "ఇప్పుడు తెలిసింది."

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. రక్తం ఎండిపోయి, కణుపులు ఇంకా ఉబ్బి ఉన్నాయి. దాన్ని సంచి మీద పెట్టి, దానిమీద కూడా మెల్లగా మూడుసార్లు తట్టాడు.